లోపలే ఉండిపోయిన సగం

నేను ఒక నూనెను. తాలింపుకు పనికిరాను, దీపానికీ పనికిరాను. గేర్లు తనంతట తానే మార్చుకునే కారులో, గేరుబాక్సు కడుపులో పదమూడేళ్లు తిరిగినదాన్ని. ఇంజను బలం చక్రాలకు అందేది నా మీదుగానే. కొత్తలో దానిమ్మ రసంలా ఎర్రగా ఉండేదాన్ని. ఇప్పుడు నన్ను చూసినవాళ్లు ముఖం పక్కకు తిప్పుకుంటారు.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోను. సముద్రం ఒడ్డున ఏదో కర్మాగారంలో కాచి, వడపోసి, డబ్బాలకెత్తారు. కార్ల కంపెనీలో గేరుబాక్సులో పోసి బోల్టు బిగించారు. ఆ కారు మొదట కొన్నది ఒక రోడ్ల కాంట్రాక్టరు. షోరూములో ఆయన రంగు గురించి, పాటల పెట్టె గురించి గంటసేపు అడిగాడు. నా ఊసే ఎత్తలేదు. అమ్మే ఆయనే చెప్పాడు: "గేరాయిలు సంగతి మర్చిపోండి సార్, జీవితాంతం మార్చక్కర్లేదు." ఎవరి జీవితాంతమో ఈయన అడగలేదు, ఆయన చెప్పలేదు. కంటికి కనిపించనిదేదైనా శాశ్వతంగా ఉంటుందనుకుంటారు మనుషులు, పాపం.

ఐదేళ్లకు కాంట్రాక్టరుకు మోజు తీరింది. అలా నేను డాక్టర్ కుసుమకుమారి చేతికొచ్చాను. చేతికి కాదు, కుడికాలికి. మైలవరం వైపు పల్లెల్లో గొడ్లకు వైద్యం చేసే డాక్టరమ్మ ఆమె. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమకాలు సన్నబడిపోయింది. ఆ కాలితో క్లచ్ తొక్కడం కుదరదు కాబట్టి ఆమె నడపగలిగింది ఇలాంటి కారే. ఇది లేని రోజుల్లో కాంపౌండరు మోటారు సైకిలు కోసం వాకిట్లో నిలబడి ఎదురుచూసేదట. ఆమె చేరేలోపే అడ్డం తిరిగిన దూడ కడుపులోనే పోయిన రోజులున్నాయట. స్టీరింగు ముందు ఆమె తనలో తాను మాట్లాడుకుంటుంది, అలా విన్నాను.

ఎనిమిదేళ్లు! కాలవగట్ల మీద, మామిడితోటల మధ్య మలుపుల్లో ఆమె నన్ను తిప్పని ఊరు లేదు. ఎంత తొందరున్నా పెడలును తన్నేది కాదు, మెల్లగా ఒత్తేది. తిరిగొచ్చేటప్పుడు ఆమె కూనిరాగం తీస్తుంటే ఈనిన గేదె లేచి నిలబడిందని నాకు అర్థమయ్యేది. పాట లేని రోజు పాదం కూడా బరువుగా తగిలేది. నాకంటూ ఊరూ పేరూ లేవు, ఆ పాదమే నాకున్న చుట్టరికం. ఈ రోజుకీ దాని కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

రెండు లక్షల ఎనభై వేల కిలోమీటర్లు దాటాక గేరు పడేటప్పుడు కుదుపు మొదలైంది. ఆమె కారును బెజవాడ ఆటోనగర్‌లో మస్తాన్‌వలి షెడ్డుకు తెచ్చింది. ఆయన ముప్పయ్యేళ్లుగా గేరుబాక్సులు విప్పుతున్న మనిషి. కొలత కడ్డీ పైకి లాగి, నన్ను ఒక చుక్క తెల్లకాగితం మీద వేశాడు. ఇంకో చుక్క వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు.

"కదపమాకండి డాక్టరమ్మా," అన్నాడు. "లోపల గేరుని పట్టుకునే ప్లేట్లు అరిగి పొడైపోయినయ్. ఆ పొడి ఈ ఆయిల్లో కలిసుండబట్టే వాటికింకా పట్టుంది. కొత్తది పోసి కడిగేశామా, గేరు జారిపోద్ది."

"మార్చకపోతే?"

"ఇయ్యాళ కాకపోతే రేపు కాలిపోద్ది. మాడిన వాసన వస్తంది, చూడండి."

"ఎటు చూసినా పోయేదేనన్నమాట."

"వేరేవాళ్ల బండైతే ఏదో ఒకటి చేసి పంపిద్దును. మీ బండికి చెయ్యి ఆడట్లేదండీ."

నా మురికే ఆమెను నడిపిస్తోందని తెలిసి ఒక్క క్షణం పొంగిపోయాను. మరుక్షణం భయమేసింది. ఉంటే నా వల్ల బండి పోతుంది, వెళ్తే నేను వెళ్లినందువల్ల పోతుంది. బండి పోతే ఆమె మళ్లీ వాకిట్లో నిలబడాలి.

ఆమె ఆ కాగితాన్ని వెలుతురుకెత్తి చుక్కను చూసింది.

"మస్తాన్ గారూ, బోల్టు విప్పితే మొత్తం వచ్చేస్తుందా?"

"సగమేనండీ. మిగతాది లోపలే ఉండిపోద్ది. అందుకే మిషను పెట్టి తోడేస్తాం."

"మిషను వద్దు. చిక్కిపోయిన గొడ్డుకు నేను మేత ఒక్కసారిగా మార్చను. పాతదాంట్లో కొత్తది కాస్త కాస్త కలుపుతాను. లేకపోతే కడుపుబ్బి చచ్చిపోతుంది. సగం మార్చండి. రెండు నెలలు నడిపి చూస్తాను. తట్టుకుంటే మళ్లీ సగం."

మస్తాన్‌వలి గడ్డం గోక్కున్నాడు. "గేరుబాక్సుకి మేత లెక్క చెప్పినోళ్లు ఇంతవరకు లేరండీ," అని నవ్వి, కారు కిందికి దూరాడు.

పదమూడేళ్ల తర్వాత వెలుతురు చూశాను. సగం తొట్టిలోకి జారాను, సగం లోపల ఉండిపోయాను. ఇందులో నేనెవరో కాసేపు నాకే తెలియలేదు. పైన బోల్టు బిగించిన చప్పుడయ్యాక తెలిసింది, నేను బయటి సగాన్నని.

"పారబొయ్యకండి," అంది డాక్టరమ్మ. "మా ఆసుపత్రిలో బోను కర్రలకు చెద పడుతోంది."

బోను అంటే, సూది వేసేటప్పుడు గేదె కదలకుండా నిలబెట్టే కర్రల చట్రం. కాంపౌండరు గుడ్డ పేలికతో నన్ను ఆ కర్రలకు పట్టించాడు. మర్నాడు పొద్దున రోడ్డు వైపే చెవులు పెట్టుకుని ఉన్నాను. కారు వచ్చింది. గేటు దగ్గర గేరు మారింది. కుదుపు లేదు, జారలేదు. సంతోషంతో పాటు ఏడుపూ వచ్చింది. నేను లేకపోయినా నడుస్తోంది మరి.

ఎక్కువసేపు నిలబడితే ఆమె ఎడమకాలు ఓర్చుకోలేదు. అప్పుడు బోను కర్ర మీద చెయ్యి వేసి ఆనుకుంటుంది. అది కూడా ఆమె బరువేనని సరిపెట్టుకోబోతాను. కానీ చెయ్యి ఎక్కడికీ తీసుకెళ్లదు.

రెండు నెలలకు, బండిలోంచి మళ్లీ తీసిన సగం నూనె డబ్బాలో వచ్చింది. అందులో కొంత నేను, కొంత కొత్త ఎరుపు. దాన్ని నా పక్క కర్రకు పూస్తున్నప్పుడు ఆత్రం ఆపుకోలేక దాన్నే అడిగాను.

"ఇంకా పాడుతోందా?"

"నిన్న వెల్వడంలో కవల దూడలు పుట్టాయి. దారి పొడుగునా పాడింది," అంది ఆ నూనె.

ఎన్నిసార్లు మార్చినా, ఎవరి చేతికీ రాకుండా గుక్కెడు నూనె ఆ గేరుబాక్సు అడుగునే ఉండిపోతుందట. ఆ గుక్కెడూ నేనై ఉంటే ఎంత బాగుండేది!