లేబుల్ మారిన సీసా

హోలిస్ టర్నేజ్‌కు ఒంట్లో ఓపిక తగ్గినా పరువు మాత్రం నిండుగా ఉండేది. దక్షిణ జార్జియాలో ఒక చిన్న కౌంటీలో ముప్పై ఏళ్లు పోలీసు డిప్యూటీగా పనిచేసి, ఇప్పుడు బాప్టిస్టు చర్చిలో సంఘపెద్దగా ఉన్నవాడికి ఆ మాత్రం ఉండదా! గంజాయి నూనెను మందుగా వాడుకోనిచ్చే చట్టం వస్తుందన్న రోజుల్లో, మందు పేరు చెప్పి మత్తు తెస్తున్నారని పత్రికకు ఉత్తరం రాసింది ఆయనే. అది అచ్చయితే పటం కట్టించి హాల్లో పెట్టుకున్నదీ ఆయనే.

ఆ తర్వాత చేతులు వణికించే పార్కిన్సన్స్ జబ్బు వచ్చింది. చెంచా నోటిదాకా వెళ్లేసరికి సగం సూపు చొక్కా తాగేసేది, ఆ చొక్కా గుండీలేమో ఒకదాని కన్నంలో ఒకటి పడేవి. డాక్టరు సంతకం పెట్టాడు, రాష్ట్రం గంజాయి నూనె వాడుకునే కార్డు ఇచ్చింది, మేకన్ పట్నంలో నూనె అమ్మారు. అంతా చట్టప్రకారమే. నాలుక కింద నాలుగు చుక్కలు వేసుకుంటే తన చెంచాతో తాను తింటున్నాడు, కంటినిండా నిద్రపోతున్నాడు.

అయినా చర్చివాళ్ల కంట పడితే? అందుకని నూనెను పాత దగ్గుమందు సీసాలో పోసుకుని, అసలు సీసాను గాలాల పెట్టె అడుగున దాచాడు. భార్య వెర్నెల్‌కు కూడా చెప్పలేదు. ముప్పై ఏళ్లు దొంగల తెలివికి నవ్విన మనిషి తన తెలివికి తెగ మురిసిపోయాడు.

బుధవారం సాయంత్రం చర్చి భోజనానికి వెళ్తుంటే వేరుశనగ గోదాముల దగ్గర లైసెన్సుల తనిఖీ. కారు ఆపింది డిప్యూటీ రెనీటా. ఆ పిల్లకు పని నేర్పింది ఆయనే. లైసెన్సు తీయబోతే చెయ్యి వణికి, జేబులోని సీసా ఒళ్లో పడింది.

"దగ్గుమందు," అన్నాడు హోలిస్, ఎవరూ అడగకుండానే. నమ్మకం కోసం రెండుసార్లు దగ్గాడు కూడా. ఆ దగ్గు విని ఆయనకే సిగ్గేసింది.

రెనీటా మూత తీసి వాసన చూసింది. "హోలిస్ గారూ, కార్డుందా?"

"ఉందమ్మాయ్."

"మరి తయారుచేసినవాళ్ల లేబుల్ ఏది? అది లేకపోతే మామూలు గంజాయి కేసే కదండీ. ఎంత తెలిసినవాళ్లయినా వదలొద్దని నాకు చెప్పిందెవరు?"

"నేనే," అన్నాడు నీరసంగా. అంత బాగా ఎందుకు నేర్పానురా దేవుడా అనుకున్నాడు. సీసా పోతే పోయింది, కేసు పడితే కార్డు కూడా ఊడుతుందేమో. మళ్లీ ఆ చొక్కా సూపు, ఆ నిద్రలేని రాత్రులు. ఆయనకు నిజంగా భయమేసింది.

"అసలు సీసా తెప్పించండి, చూద్దాం," అంది రెనీటా జాలిగా.

ఫోను పట్టుకుంటే చెయ్యి నిలవలేదు. కారు మీద పెట్టి స్పీకరు నొక్కాడు. చర్చి వంటగదిలో వెర్నెల్ చేతులు పిండిలో ఉన్నాయి. ఆవిడా స్పీకరే నొక్కింది.

"వెర్నెల్, పక్కన ఎవరున్నారు?"

"అందరూ ఉన్నారు. ఏంటో చెప్పవయ్యా, బిస్కెట్లు మాడిపోతాయి!"

"గాలాల పెట్టెలో ఒక సీసా ఉంది. గంజాయి నూనెది. నాదే."

అవతల పళ్లేల చప్పుడు ఆగిపోయింది.

పావుగంటలో చర్చి వ్యాను వచ్చింది. వెర్నెల్ వెనకాలే ఆరుగురు ఆడవాళ్లు దిగారు. ఆవిడ హ్యాండుబ్యాగు లోంచి లేబులున్న సీసా తీసింది.

"ఇంటికెళ్లకుండానే ఎలా తెచ్చావ్?" అన్నాడు తెల్లబోయి.

"గాలాల పెట్టెలో దొరికింది, రెండు వారాలుగా నా దగ్గరే ఉంది. చట్టం చదివింది నేను. నువ్వు అరెస్టులు చేశావంతే."

రెనీటా నవ్వు ఆపుకుంది. "ఇందులోకి పోసేయండి, సార్. నేను చూడనట్టే."

హోలిస్ పోయబోయాడు. మొదటి చుక్క బూటు మీద పడింది. ఇన్నేళ్లలో ఎవరినీ ఏదీ అడగని మనిషి, అందరి ముందూ సీసా చాపాడు. "నా వల్ల కాదే, వెర్నెల్. నువ్వు పోసిపెట్టు."

పాస్టరు భార్య చర్చి కరపత్రాన్ని గరాటులా చుట్టి పట్టుకుంది. వెర్నెల్ చుక్క చుక్కా పోసింది.

"ఎవరికీ తెలియకూడదనుకున్నానమ్మా," అన్నాడు హోలిస్ తల దించుకుని.

"ఎప్పుడో తెలుసు, హోలిస్," అంది పాస్టరు భార్య, గరాటు మీంచి చూపు తిప్పకుండా. "మూడు ఆదివారాలుగా నీ చొక్కా గుండీలన్నీ సరిగ్గా ఉంటున్నాయి."