కృపమ్మ ముందెత్తిన పాట

ఎస్తేరు పాట ఎత్తితే నాట్లేసేవాళ్ళకు నడుం నొప్పి తెలియదని శామీర్‌పేట చెరువు కింది పొలాల్లో అందరూ అనేవారు. ఆమెది పెద్ద గొంతు కాదు. కొంచెం గరుకు, కొత్త కుండ లోపల చేయి పెట్టి తడిమినట్టుండేది. ఆ గరుకులోనే మాట పట్టు దొరికి నిలబడేది. ఎడమ కాలు బురదలో వేసే అడుగే ఆమెకు తాళం.

కృపమ్మ ఆమె పక్కనే వంగి పదేళ్ళు వంత పాడింది. ముందు ఎస్తేరు ఒక చరణం అంటుంది, వెనక వరుసంతా దాన్నే తిరిగి అంటుంది. వెనకవాళ్ళకు ఊపిరి ఎక్కడ అయిపోతుందో వాళ్ళకంటే ముందే ఎస్తేరుకు తెలిసేది. ముసలి మైసమ్మ వరుసలో ఉన్న రోజున చరణాలు పొట్టివైపోయేవి. ఎవరి గొంతయినా తడబడితే ఆ మాట కింద పడకముందే అందుకునేది. అది ఆలోచించి చేసేది కాదు. జారే కుండకు చెయ్యి అడ్డం పెట్టినట్టు, అంతే.

పాటలన్నీ ఎస్తేరే కట్టేది, జొన్నలు విసురుకుంటూ. కట్టగానే కృపమ్మకు వినిపించేది.

"ఎట్లుందే?"

"మంచిగుంది గని, భయమైతాంది అక్కా."

"నీకు పిల్లి తుమ్మినా భయమేనాయె!"

భయం ఉండదా మరి? కృపమ్మ చిన్నప్పుడు వాళ్ళ నాయినను దొర గడీలో వెట్టి పనికి పిలుచుకుపోయారు. పొద్దున సద్ది కట్టుకొని వెళ్ళినవాడు తిరిగి రాలేదు. అడగడానికి పోయిన చిన్నాయన కూడా రాలేదు. అప్పటి నుంచి ఎవరు గడప దాటినా, వాళ్ళు తిరిగొచ్చేదాకా కృపమ్మ వాకిట్లోనే నిలబడేది.

కిందటేడు, అంటే నలభై ఆరులో, గ్రామఫోను ప్లేట్ల కంపెనీ మనిషి ఒకతను ఈ పాటల సంగతి విని వచ్చి, ఎస్తేరునూ ఇంకో నలుగురినీ బండి కట్టించి సికింద్రాబాదు తీసుకుపోయాడు. ఒక్కో పాట మూడు నిమిషాల్లో ముగియాలన్నాడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా సాగే పాటను ఎస్తేరు చెట్టు నీడన కూర్చొని కోసింది. తనకు బాగా ఇష్టమైన మాటలనే ముందు తీసేసింది. మిగిలింది చూస్తే పాట ఇంకా బలంగా ఉంది. రెండు ప్లేట్లు, నాలుగు పాటలు వచ్చాయి. వాటి మీద ఎవరి పేరూ లేదు, శామీర్‌పేట నాటు పాటలు అని మాత్రం ఉంది.

మేడ్చల్ స్టేషను పక్క చాయ్ హోటల్లో ఆ ప్లేట్లు పెట్టేవారు. కృపమ్మ కూరగాయల గంప దించి, మట్టె సర్దుకుంటున్నట్టు నటిస్తూ బయట నిలబడి వినేది. నాలుగో పాట వచ్చేసరికి గంప ఎత్తుకొని పరుగు తీసేది. ఆ పాట ఇది:

"గడీ తలుపు పెద్దదమ్మ నాటే చెల్లెలా
పోయెటోళ్లకు పెద్దదమ్మ నాటే చెల్లెలా
వచ్చెటోళ్లకు దారి లేదు నాటే చెల్లెలా."

ఆ పాట తిరిగి తిరిగి చివరికి గడీలోనే వినబడింది.

ఈ ఏడు నాట్ల మధ్యలో, బాగా పొద్దెక్కిన వేళ, దొర గుమస్తా జనార్ధన్ ఎడ్లబండి మీద వచ్చాడు. వెనక కట్టెలు పట్టుకొని ఇద్దరు మనుషులు. బండిలో పాటల పెట్టె. గట్టు మీద దాన్ని దింపించి, తాళం తిప్పి, నాలుగో పాట పెట్టాడు. మోకాలి లోతు బురదలో నిలబడి పన్నెండు మంది ఆడవాళ్ళు తమ పాటను తామే విన్నారు. ఒక్కరూ తలెత్తలేదు.

"ఎవ్వతె పాడిందే గీ పాట?"

"మాకేమెరుక దొరా, నీ బాంచెన్" అంది మైసమ్మ. "గా పెట్టెలున్నదాన్నే అడుగు, చెప్తదేమో."

కట్టెలవాళ్ళలో ఒకడు నవ్వబోయి ఆగాడు.

"నోరు లేస్తాందే ముసల్దానా. సరే, పాడుండ్రి. ఏదైనా నాటు పాట ఎత్తుండ్రి. ముందు గొంతు యింటే నాకు ఎరుకైతది. దొరికినదాన్ని గీ బండిలనే గడీకి తోల్కపోత."

కృపమ్మ కాళ్ళ కింద బురద చల్లబడిపోయింది. ఎవరూ పాడకపోతే దాస్తున్నారని తెలిసిపోతుంది. ఎస్తేరు పాడితే మొదటి మాటకే పట్టేస్తాడు. పక్కన ఎస్తేరు ఊపిరి తీసుకోవడం వినబడింది. పదేళ్ళుగా విన్న ఊపిరి అది. ఆ వెంటనే పాట వస్తుందని కృపమ్మకు తెలుసు.

అది రాకముందే కృపమ్మ నోరు తెరిచింది.

"వానొచ్చెనమ్మ వానొచ్చె నాటే చెల్లెలా..."

గొంతు సన్నగా, తెగబోయే దారంలా వచ్చింది. వరుస ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత అందుకుంది. ఎస్తేరు కూడా అందరితో పాటు, గొంతు సగానికి దించి, వంత పలికింది. రెండో చరణం గడిచింది. మూడోదీ గడిచింది. నాలుగోది ఏమిటి?

కృపమ్మకు గుర్తు రాలేదు. వంత పాడేవాళ్ళకు తర్వాతి చరణం ఏదో గుర్తుండాల్సిన పని లేదు, ముందున్న మనిషి ఇస్తుంది. పదేళ్ళు ఆ పాట పాడి కూడా కృపమ్మకు దాని చరణాల క్రమం తెలియదు. అందరూ వంత ముగించారు. ఖాళీ మొదలైంది. గుమస్తా మెడ ముందుకు చాచాడు. పక్కన ఎస్తేరు ఎడమ కాలు బురదలో కదిలింది. పడుతున్న పాటను అందుకోబోతోంది. ఆపుకోవడం ఆమె వశంలో లేదు.

వద్దు తండ్రీ, వద్దు, అనుకుంటూ కృపమ్మ నోటికొచ్చింది అనేసింది.

"ముందు నడిచే అక్క లేదు నాటే చెల్లెలా
అడుగు నాకు తెల్వదాయె నాటే చెల్లెలా."

వరుస దాన్ని తిరిగి అంది. ఆ వంతలో ఎస్తేరు గొంతు కృపమ్మ భుజం కింద చేయి వేసినట్టు కిందనుంచి ఆనింది. ఆ ఆసరాతో ఇంకో రెండు చరణాలు ఎట్లాగో కట్టి, పాటను ఒడ్డుకు చేర్చింది.

"ఎవ్వతే ఆ అక్క?" గుమస్తా గట్టు అంచుకు వచ్చాడు.

"సచ్చిపోయింది దొరా. మా అక్క సత్యమ్మ."

కృపమ్మకు తోడబుట్టినవాళ్ళే లేరు.

"పాము కరిచింది దొరా" అంది మైసమ్మ. "నేనే తానం బోసిన. మంచి పిల్ల, పాపం."

గుమస్తా ఉమ్మేశాడు. "మేక లెక్క అరుస్తున్నవ్, నువ్వైతే కాదు. ఎల్లుండి మళ్ళ వస్త. గుంపుల కాదు, ఒక్కొక్కతె నిలబడి పాడాలె."

బండి కదిలాక అందరూ ఎస్తేరు వైపు చూశారు. ఒక్కొక్కరుగా పాడితే ఇక దాచేదేముంది?

ఎస్తేరు మొగుడు పోయిన మనిషి, పిల్లలు లేరు. ఆమె తమ్ముడు అబ్రహాం మన్మాడులో రైల్వే కూలి, దొర చెయ్యి అక్కడిదాకా చేరదు. ఎస్తేరును అక్కడికి సాగనంపాలని, మర్నాడు తెల్లవారగానే కృపమ్మ ఆమెతో మేడ్చల్ దాకా నడిచింది. దారిలో ఎదురైన ప్రతి బండికీ కృపమ్మ చెట్ల చాటుకు తప్పుకుంది. ఎస్తేరు మాత్రం ఏదో లెక్క వేసుకుంటూ నడిచింది.

"నిన్నటి నీ చరణం మంచిగుందే. 'తెల్వదాయె' కాడ కొంచెం దించితే ఇంకా మంచిగుంటది. నేను తీస్కపోదునా?"

"తీస్కపో గని, పాడకు. గా ప్లేట్లు ఆడికి గూడ పోయుంటయ్. నీ కాళ్ళు మొక్కుత అక్కా, ఎక్కడా పాడకు."

ఎస్తేరు మూటను ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంది.

"పాడకుండ ఎట్ల పనిజేస్తనే, పిచ్చిదానా" అంది.

రైలు వచ్చింది. ఎస్తేరు మూటతో ఎక్కి కిటికీ పక్క కూర్చుంది. లోపల ఎవరి బిడ్డో గుక్కపెట్టి ఏడుస్తోంది. బండి కదిలింది. బిడ్డ ఏడుపు మీదుగా సన్నగా మొదలై, గరుకుగా పైకి లేచింది పాట. కృపమ్మ చరణమే. తెల్వదాయె దగ్గర దిగింది, నిజంగానే ఇంకా బాగుంది.

చాయ్ హోటల్ ముందు నిలబడ్డవాళ్ళు తలలు తిప్పారు. ఆ గొంతు వాళ్ళు రోజూ వినేదే. కృపమ్మ పెదాల మీద వేలు పెట్టి, వద్దు వద్దని తల ఊపుతూ రైలు వెంట పరిగెత్తింది. ఎస్తేరు చూసింది, నవ్వింది, పాట ఆపలేదు.

రైలు పెట్టెలు దాటిపోయాయి. గొంతు సన్నబడి, చక్రాల చప్పుడులో కలిసి, లేకుండా పోయింది. హోటల్ ముందున్నవాళ్ళెవరూ కృపమ్మను ఏమీ అడగలేదు. ఆమె మాత్రం పట్టాల పక్కన, వేలు పెదాల మీద అట్లాగే పెట్టుకొని నిలబడి ఉంది.