ఆడవాళ్ళ వైపు

బస్టాండు మరుగుదొడ్లలో, ఆడవాళ్ళ వైపు, చివరి గదిలో ఫినాయిలు చల్లి కుప్పమ్మ చీపురుతో నీళ్ళు బయటికి తోస్తోంది. వేలూరు బస్సు వచ్చి ఆగింది. దిగిన ఆడవాళ్ళు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకుని గబగబా వస్తున్నారు. కుప్పమ్మ చూపు మాత్రం రోడ్డుకు అవతల ఉన్న దర్జీ అంగడి మీదే ఉంది. ఈపొద్దు రూపశ్రీ రాకుంటే బాగుండు.

రూపశ్రీ ఆడమనిషిగా బతుకుతున్న హిజ్రా. ఈమధ్యే ఆ అంగట్లో కుట్టుపనికి చేరింది. అక్కడ మరుగుదొడ్డి లేక ఇక్కడికే వస్తోంది.

పొద్దున్నే సూపర్‌వైజర్ చక్రధర్ వచ్చి హెచ్చరించి పోయాడు. ఎవరో ఫిర్యాదు చేశారట. “దాన్ని ఆడోళ్ళ పక్కకు రానిస్తే రేపట్నించి నువ్వు రావద్దు.”

మొగుడు పోయాక దొరికిన పని ఇది. ఫినాయిలుకు వేళ్ళ సందులు ఒరిసి తెల్లబడ్డాయి, మోకాళ్ళు సరిగా వంగవు. అయినా ఇక్కడ నీడ ఉంది. ఈ వయసులో ఇంకెవరు పని ఇస్తారు?

మధ్యాహ్నం రూపశ్రీ రానే వచ్చింది. ఎత్తైన మనిషి. నీలిరంగు చీర కుచ్చిళ్ళు చెదరకుండా పిన్నులు పెట్టుకుంది. మెడలో పచ్చటి కొలతల టేపు వేసుకుంది. కుప్పమ్మ లేచి వాకిలికి అడ్డంగా నిలబడింది.

“ఈపొద్దు వద్దు మే. ఆ పక్కకు పో.”

“మొగోళ్ళ పక్కకా పెద్దమ్మా?” రూపశ్రీ గొంతు తగ్గించింది. “మేం ఆడోళ్ళమంటే ఆడోళ్ళమేనని సుప్రీంకోర్టే సెప్పింది గదా.”

“కోర్టు యాడో ఉండాది. సక్రధర్ ఈడుండాడు.”

రూపశ్రీ మగవాళ్ళ వైపు వెళ్ళింది. లోపల్నించి ఈల వినిపించింది. తర్వాత నవ్వులు, తలుపు దబదబా బాదిన చప్పుడు. ఆమె బయటికి వచ్చేసరికి భుజం దగ్గర జాకెట్టు చిరిగి ఉంది. కొంగు నిండుగా కప్పుకుని, ఎవరివైపూ చూడకుండా రోడ్డు దాటిపోయింది.

కుప్పమ్మ అన్నం గిన్నె తెరిచి మళ్ళీ మూత పెట్టేసింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఊరి బయట కంపచెట్ల వెనక్కి పోవాల్సి వచ్చేది. ఎవరి టార్చిలైటైనా పడితే సగంలోనే లేచి నిలబడేది. పగలంతా నీళ్ళు తాగకుండా బిగబట్టుకునేది.

సాయంత్రం దాకా రూపశ్రీ మిషను ముందు ముడుచుకుని కూర్చునే ఉంది. పుత్తూరు బస్సు కదలగానే కుప్పమ్మ చీపురు గోడకు ఆనించి రోడ్డు దాటింది.

“లెయ్ మే. పోదాం రా.”

“నీ పని పోతాది పెద్దమ్మా.”

“పోతే పోనీ. లెయ్.”

లోపల నలుగురైదుగురు వరుసలో ఉన్నారు. రూపశ్రీ వచ్చి నిలబడగానే ఒకామె మొహం చిట్లించుకుని పక్కకు జరిగింది. టీకొట్టు దగ్గర్నించి చక్రధర్ పరుగున వచ్చాడు.

“సెప్పింది సెవికెక్కలేదా నీకు? బయటికి పంపు దాన్ని!”

కుప్పమ్మ వాకిట్లోంచి కదల్లేదు. “లోపల ఆడోళ్ళుండారు. నువ్వు ఆడే నిలబడయ్యా.”

రూపశ్రీ వెనక్కి తిరగబోయింది. ఆమె వెనక నిలబడ్డ గౌసియా బీ, బస్టాండులో పండ్లు అమ్మే ఆమె, భుజం పట్టి ఆపింది.

“ఈమె నాకన్నా ముందొచ్చింది. ఈమె పోయినాకే నేను పోతా. ఆడోళ్ళ కాడ నీకేం పనప్పా?”

పక్కకు జరిగినామె తిరిగి వరుసలోకి వచ్చింది. తన వంతు రాగానే రూపశ్రీ చివరి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

“రేపట్నించి రావద్దు,” అని చక్రధర్ కుప్పమ్మ దగ్గరున్న మరుగుదొడ్ల తాళాలు లాక్కుని వెళ్ళిపోయాడు.

రూపశ్రీ బయటికి వచ్చి కుప్పమ్మ చేతులు పట్టుకుంది.

“రేపు గూడా ఈడికే రా,” అంది కుప్పమ్మ. “నేను లేకపోయినా.”

“నేనుంటా లే,” అంది గౌసియా బీ.

అందరూ పోయాక కుప్పమ్మ కాళ్ళూ చేతులూ కడుక్కుని సంచి తీసుకుంది. రేపు ఏంచేయాలో తెలియదు. అలవాటుగా చివరి గదిలోకి తొంగి చూసింది. తలుపు వెనక మేకుకు రూపశ్రీ కొలతల టేపు వేలాడుతోంది. తీసుకుపోయి ఇద్దామని చెయ్యి చాచి, రేపు వచ్చి తనే తీసుకుంటుందిలే అని మళ్ళీ వెనక్కి తీసుకుంది.

పాకాల బస్సు ఆమెను ఎక్కించుకుని వెళ్ళిపోయింది. మేకు మీద ఆ పచ్చటి టేపు, గాలికి తలుపు కదిలినప్పుడల్లా కాస్త ఊగుతూ, అక్కడే ఉంది.