పాము కడుపులో ఏలికపాములు

పాము వాంతి చేసుకుంటే ఆ కంపు ఎలా ఉంటుందో తెలియనివాళ్ళు అదృష్టవంతులు. ఎర్సీలియాకు ఆ అదృష్టం ఈస్టర్ మర్నాటితో తీరిపోయింది. వంటింటి వెనక గదిలో, మొగుడి తాతగారి మట్టికుండ పక్కన, సగం అరిగిన ఎలుక ఒకటి జిగట మడుగులో పడి ఉంది. ఆ జిగటలో తెల్లటివేవో మెలికలు తిరుగుతున్నాయి. ఛీ ఛీ! ఆవిడ ఏప్రన్ ముక్కుకు అడ్డం పెట్టుకుని వాకిట్లోకి పరుగెత్తి, పొద్దున తిన్న రొట్టె అంతా కక్కేసింది.

ఆ పాము ఆవిడది కాదు, మొగుడు బెరార్దీనోది. ఆ కొండ ఊళ్ళో మే ఒకటిన, ఊరిని కాచే పునీతుడి విగ్రహానికి బతికున్న పాముల్ని దండలుగా వేసి ఊరేగిస్తారు. మంచు కరగగానే విషం లేని పాముల్ని పట్టుకొచ్చి, తవుడు పోసిన కుండల్లో ఉంచి, పండగ కాగానే ఎక్కడ పట్టారో అక్కడే వదిలెయ్యాలి. అది కట్టుబాటు. బెరార్దీనో నిరుడు వదల్లేదు. నాలుగు చారలతో నిగనిగలాడే ఆ ఆడపాముని చూసి మురిసిపోయి, కాంతెస్సా, అంటే దొరసాని, అని పేరు పెట్టి ఇంట్లోనే అట్టేపెట్టుకున్నాడు. ఇప్పుడేమో జారిపడి తుంటి విరగ్గొట్టుకుని, కింద పట్నంలో ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. పాము వచ్చి పెళ్ళాం నెత్తిన పడింది.

"ఏమే, దాన్ని ఎలాగైనా బాగుచెయ్యవే," అని ఫోనులో బతిమాలాడు. "చక్రాల కుర్చీలోనైనా వచ్చి నా చేత్తో పునీతుడికి వేస్తానని మొక్కుకున్నాను. వచ్చే ఏడు ఉంటానో లేదో."

"ఉంటావులే, నా ప్రాణాలు తోడెయ్యడానికి!" అందామె. కానీ ఆ గొంతులో వణుకు విన్నాక ఊరుకోలేకపోయింది.

ఆ వాంతిని టొమాటో సాస్ సీసాలో పోసుకుని బస్సెక్కింది. మూత గట్టిగానే బిగించింది. అయినా పక్కన కూర్చున్నావిడ రెండో మలుపులోనే లేచి వెనక్కి వెళ్ళిపోయింది. పండక్కి ముందు ఊళ్ళో పాములన్నిటినీ చూసి సరేననేది పశువుల డాక్టరు ఓర్నెల్లాయే. రోగంతో ఉన్నదాన్ని ఆవిడ విగ్రహం దరిదాపులకు రానివ్వదు.

"ఏలికపాములమ్మా," అంది ఓర్నెల్లా సీసాలోకి చూసి. "ఏం తినిపిస్తున్నారు?"

"కొట్టాంలో పట్టిన ఎలుకల్ని. అంగడిలో కొన్నవి పెడితే పాముకి నామోషీ అట, మా మహానుభావుడు సెలవిచ్చాడు."

"ఆ ఎలుకల్లోంచే వచ్చాయి. ఇదిగో మందు. గొంతులోకి గొట్టం దించి పట్టాలి."

"ఎవరు? నేనా?"

"మరి నేనా, మీ ఇంటికొచ్చి?"

గిన్నెలు తోమే రబ్బరు తొడుగులు మోచేతుల దాకా లాక్కుని, కాంతెస్సాను మోకాళ్ళ మధ్య ఇరికించుకుంది ఎర్సీలియా. జారుతున్న ఆ చల్లటి ఒళ్ళు తగులుతుంటే వెన్ను జలదరించింది. నోరు తెరిపిస్తే లోపల గులాబీ రంగు, చొంగ. "మింగవే దరిద్రపుదానా, మింగు! నీ మొగుడు కాదు, నా మొగుడే ఏడుస్తున్నాడు నీకోసం," అని తిడుతూనే మందు దించింది. మర్నాడు కుండలో పురుగులు కుప్పగా పడ్డాయి. వాటిని ఎత్తిపోస్తూ, ఈ జన్మలో ఇక పాస్తా తినలేననుకుంది.

వారం బాగానే ఉంది. తర్వాత మళ్ళీ అదే కంపు, అవే తెల్లటి మెలికలు.

ఓర్నెల్లా ఈసారి స్వయంగా వచ్చి కుండలోకి తొంగిచూసి మొహం తిప్పుకుంది. "దీన్ని ఎప్పుడైనా కడిగారా?"

"కడగడమా! ఇంటి వాసన పోతే పాము నిలవదట. మా ఆయన తాత నాటి నుంచి దీనికి నీళ్ళు తగల్లేదు."

"అమ్మా తల్లీ! పురుగుల గుడ్లన్నీ ఆ మట్టిలో ఇంకి ఉన్నాయి. మీరు మందు పోస్తున్నారు, కుండ మళ్ళీ పురుగులు పోస్తోంది. దీన్ని తీసెయ్యకపోతే నేను సరేననను."

ఆ సాయంత్రం బెరార్దీనో ఫోనులో కేకలేశాడు. "మా తాత కుండ మీద చెయ్యి పడిందో, నేను ఆ గుమ్మం తొక్కను!"

"సరే," అని ఫోను పెట్టేసి, సుత్తి తీసుకుని కుండని ముక్కలు ముక్కలు చేసింది. తవుడు తగలబెట్టి, పాముని ప్లాస్టిక్ పెట్టెలో పాత వార్తాపత్రికల మీద పడుకోబెట్టి, మళ్ళీ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని రెండోసారి మందు పట్టింది. కుండ సంగతి మాత్రం మొగుడికి చెప్పలేదు.

మే ఒకటిన ఓర్నెల్లా చూసి సరేనంది. చక్రాల కుర్చీలోంచి బెరార్దీనో చేతులు చాపి కాంతెస్సాను పునీతుడి మెడలో వేశాడు. పాము పునీతుడి కళ్ళకు అడ్డం పడకుండా, మర్యాదగా భుజాల మీద చుట్టుకుంది. చూస్తున్న జనం చప్పట్లు కొట్టారు, అతను చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

"చూశావా మెరుపు! అంతా మా తాత కుండ మహిమే," అన్నాడు ఊరేగింపు అయ్యాక, పాముని ఒళ్ళో వేసుకుని. "పద, ఇంటికెళ్ళి అందులో పడుకోబెడదాం."

"కుండ లేదు. పగలగొట్టాను."

అతని మొహం పాలిపోయింది. "మా తాతదే అది..."

"మీ తాతదే కాదు, పురుగులది కూడా. దీన్ని చంపబోయింది ఆ కుండే, నీ మొక్కు తీరేదాకా చెప్పకుండా ఊరుకున్నాను గానీ. ఇంక ఇది ఇంట్లోకి రాదు. ఎక్కడ పట్టావో చూపించు."

ఒళ్ళోని పాముని తల నుంచి తోక దాకా ఒకసారి నిమిరాడు అతను. తర్వాత గడ్డంతో కొండవైపు చూపించాడు.

ద్రాక్షతోట పక్క రాతిగోడ దగ్గర కుర్చీ ఆపింది. అతను వంగలేడు. తొడుగులు ఇంట్లో ఉండిపోయాయి. ఎర్సీలియా పళ్ళు బిగించి, ఒట్టి చేతుల్తో కాంతెస్సాను ఎత్తింది. అది మణికట్టుకి చుట్టుకుని వదల్లేదు. వదలకపోగా, పండక్కని ఇస్త్రీ చేసుకున్న లంగా మీద తోక ఎత్తి చర్రున విడిచింది. ఆ తర్వాత రాళ్ళ సందులోకి జారుకుంది, వెనక్కైనా తిరిగి చూడలేదు.

"ఛీ! తూ! దరిద్రం!" అని ఎగిరింది ఎర్సీలియా. ఆ కంపుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎర్సీలియా," అన్నాడు బెరార్దీనో నెమ్మదిగా. "అందులో... ఉన్నాయా?"

ఆవిడ ముక్కు మూసుకోవడం మరిచిపోయింది. పుల్ల ఒకటి విరుచుకుని, లంగా వెలుతురుకి పరుచుకుని, ఆ రెట్టని అటూ ఇటూ కెలికి, మొహం దగ్గరికి తెచ్చుకుని మరీ చూసింది.

"లేవయ్యా!" అని కొండంతా వినపడేలా అరిచింది. "ఒక్కటీ లేదు!"