నాన్న స్థానంలో అమ్మ

మా నాన్న హియెరొనిమ్ చెప్పులు కుట్టేవాడు. పుట్టుకతోనే ఆయన ఎడమకాలు పొట్టిది. అందుకే 1920లో సైన్యంలో చేరతానని మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ వెనక్కి పంపేశారు. తీరా ఆగస్టులో రష్యా బోల్షెవిక్‌ల గుర్రపు దండు పోలండ్‌లోని మా ప్వోత్స్క్ ఊరి మీదికే వచ్చిపడింది. మా సైనికులు ఊళ్లో కొద్దిమందే ఉన్నారు. దాంతో జనమే వీధులకు అడ్డంగా బళ్లు, బల్లలు, పీపాలు పేర్చి నిలబడ్డారు.

మా అమ్మ పెలాగియా తన పెళ్లినాటి బీరువాను గుమ్మం దాకా ఈడ్చుకొచ్చింది.

"ఒసేయ్, అది మీ అమ్మ ఇచ్చింది!" నాన్న లబలబలాడాడు.

"అయితే ఏం? మా అమ్మే బతికుంటే ఆవిణ్నీ తెచ్చి నిలబెట్టేదాన్ని. పట్టు ఆ చివర!"

నాన్నకు ఎవరో తుపాకీ ఇచ్చారు. పెళ్లికొడుకులా మురిసిపోయాడు. మధ్యాహ్నం అమ్మ ఒక చేత్తో చారు గిన్నె, ఏప్రన్ నిండా తూటాలు మోసుకుంటూ వచ్చింది.

"తినవయ్యా. ఖాళీ కడుపుతో ఎవణ్ని కొడతావు?"

"ఇంటికి పో. ఇక్కడ నీకు పనిలేదు."

"నాకు పనిలేదు, నీకు గురిలేదు. ఇద్దరం కూర్చుందాం."

సాయంత్రం నాన్న కుడికాలికి తూటా తగిలింది. పళ్లు బిగించి, "ఇప్పుడు రెండు కాళ్లూ సరిసమానమే," అన్నాడు. అమ్మ నవ్వలేదు. ఆయన్ని వీపు మీద వేసుకుంది. నాకప్పుడు పదిహేడేళ్లు. నేను తుపాకీ పట్టుకుని ముందు నడుస్తుంటే పెరళ్ల గుండా ఆసుపత్రికి చేరాం. "దించవే, పరువు పోతోంది," అని ఆయన, "నోర్మూసుకుని మెడ పట్టుకో," అని ఆమె, దారి పొడుగునా ఇదే గొడవ.

అమ్మ ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి, నుదుటి మీద ముద్దుపెట్టి, నా చేతిలోని తుపాకీ తీసుకుని మళ్లీ వీధిలోకి వెళ్లిపోయింది.

"మీ అమ్మను ఆపవే!" అని నాన్న నా మీద అరిచాడు. ఆమెను ఆపగలిగినవాళ్లు మా ఊళ్లో పుట్టలేదు.

మర్నాడు మా దళాలు వచ్చి వాళ్లను తరిమేశాయి. అప్పటికే మా వీధిలో ఏడుగురు పోయారు. వాళ్లలో రొట్టెలు కాల్చే గౌదెంతి ఒకడు.

ఉదయం పది గంటలకు అమ్మ ఆసుపత్రికి వచ్చింది. ముఖం నిండా పొగ మసి, జుట్టంతా అట్టలు కట్టింది. మంచం అంచున కూలబడి, "గౌదెంతి నా పక్కనే పోయాడయ్యా," అని ఏడ్చింది.

నాన్న నర్సును అడిగి దువ్వెన తెప్పించుకున్నాడు. అమ్మ తలను గుండెకు ఆనించుకుని, తోలు కుట్టే ఆ మొరటు వేళ్లతో చిక్కులు ఒక్కొక్కటే విప్పి జడ అల్లసాగాడు. జడ సగం కాకముందే ఆమెకు నిద్ర పట్టేసింది.