ఆదివారం కూడా ఆకలే

"ఇంట్లో మనిషికంటే ఆ గిన్నెలే ఎక్కువా నీకు?" అన్నారు మా ఆయన, ఆదివారం పొద్దున్నే నేను చెప్పులు వేసుకుంటుంటే.

గుండెపోటు వచ్చాక మా అత్తయ్య గుండెలో ఒక పక్క కండ చచ్చిపోయింది. అది మళ్ళీ పుట్టదు. పుట్టించగలమా అని చూసేదే మా ల్యాబ్ పని. గాజు గిన్నెల్లో మూలకణాలను గుండె కణాలుగా పెంచుతాం. రోజూ పాత ద్రవం తీసి కొత్తది పొయ్యడం, అంటే వాటికి తిండి పెట్టడం, నా వంతు. ఒక్క పూట మానినా పడ్డ కష్టమంతా మట్టిపాలు. ఇంట్లోనూ నేను చేసేది అదే, కాకపోతే అక్కడ జీతం ఇస్తారు. మెప్పు మాత్రం రెండుచోట్లా వేరేవాళ్ళదే. అక్కడ ల్యాబ్ నడిపే డాక్టరుగారిది, ఇక్కడ అమ్మని పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నాడని మా ఆయనది. అత్తయ్యని చూసుకోడానికి ఉద్యోగం మానెయ్యమని నా రాజీనామా కూడా ఆయనే టైపు చేయించి నా సంచిలో పెట్టారు. రేపు సంతకం చేసి ఇవ్వడమే మిగిలింది.

"నన్నూ తీసుకెళ్ళమ్మాయ్. గోడలు చూసి చూసి విసుగొచ్చింది" అంది అత్తయ్య.

ల్యాబ్‌లో అద్దం అవతల ఆవిడకి కుర్చీ వేసి, మైక్రోస్కోపు తెర అటు తిప్పాను. పదో రోజు గిన్నె. మసక చుక్కల మధ్య ఒక మూల చిన్న మచ్చ ముడుచుకుంది. వదులైంది. మళ్ళీ ముడుచుకుంది. నాకు ఏడుపొచ్చేసింది. అత్తయ్య చెయ్యి తన గుండెమీదికి వెళ్ళింది.

గిన్నెలకి తిండి పెట్టి నేను ఆవిడ దగ్గరికి రాగానే అడిగింది. "కొట్టుకోమని దానికెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పరత్తయ్యా. వేళకి తిండి పెట్టాలంతే."

"నాకు పెడతారా దాన్ని?"

అబద్ధం చెప్పలేకపోయాను. "ఇప్పుడప్పుడే కాదత్తయ్యా. చాలా ఏళ్ళు పడుతుంది."

ఆవిడ తెరవైపు చెయ్యి చూపించింది. "పోనీలే. మరి రేపు దానికి ఎవరు పెడతారు?"

సంచిలోంచి రాజీనామా కాగితం తీసి, ఆవిడ పక్కనే కూర్చుని చాలాసేపు రాశాను.

ఇంటికొచ్చాక మా ఆయన, "సంతకం చేశావా?" అన్నారు. కాగితం ఆయన చేతిలో పెట్టాను. సంతకం చోటు ఖాళీగానే ఉంది. వెనకవైపు అత్తయ్య మందులన్నీ వేళలతో సహా నా చేతిరాతలో ఉన్నాయి.

"రేపటినుంచి పొద్దుటివి మీరు వెయ్యండి. నాకు ల్యాబ్‌లో పని ఉంది" అన్నాను.

ఆయన నోరు తెరిచేలోపే లోపలినుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "అవి పరగడుపున వెయ్యకూడదురా నాన్నా. ముందు తిండి పెట్టాలి."