అక్క కుర్చీ

అక్క కార్డు పెడితే తలుపు తెరుచుకోలేదు. మూడుసార్లు పెట్టింది. నీళ్ల విభాగంలో అందరం అక్కా అని పిలిచేది ఆమెనే. వెనక మేం నలభై మందిమి చూస్తూ నిలబడ్డాం. గార్డు కాగితం తిరగేసి, జాబితాలో మీరు లేరమ్మా అన్నాడు.

మూడు మున్సిపాలిటీల ఫోన్లు, ఫైళ్లు, జీతాల పని ఒకే హాల్లోకి చేర్చిన మొదటి రోజది. ఉమ్మడి కేంద్రమట. ఎవరి ఉద్యోగమూ పోదని మాటిచ్చినవాడు మా యూనియన్ అధ్యక్షుడు పెద్దన్న. ఎవరేం చేస్తారో ఉన్నదున్నట్టు రాసివ్వండి, మిగతాది నేను చూసుకుంటానన్నాడు. నీళ్ల విభాగం తరఫున నేనే రాశాను. వారానికి రెండు రోజులు అక్క కిడ్నీల వైద్యానికి వెళ్తే, వంతులేసుకుని ఆమె కుర్చీలో కూర్చుంటామని కూడా రాశాను. గొప్పగా రాశాను.

అద్దాల గది మీద మేనేజర్ అని బోర్డు. లోపల పెద్దన్న.

"ఆమె లేకపోయినా పని నడుస్తుందని మీరే రాశారు కదమ్మా," అన్నాడు నా కాగితం చూపిస్తూ.

"బాగుందన్నా. పరీక్ష మేం రాస్తే పాసయింది నువ్వు," అంది టైపిస్టు.

ఉద్యోగంతో వచ్చిన వైద్యం కార్డు నెలాఖరుదాకే పనిచేస్తుందట అని మాత్రం చెప్పింది అక్క. తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం మెట్ల మీద వాదన. పని ఆపేద్దామన్నాడు లైన్‌మన్. కుళాయి రాకపోతే జనం మనల్నే తిడతారంది టైపిస్టు. ఆపొద్దన్నాను నేను. పాత ఆఫీసు నుంచి అక్క కుర్చీ వచ్చింది, అక్కే రాలేదు. ఆమె వచ్చేదాకా ఆ ఒక్క కుర్చీలోంచే ఫోన్లు ఎత్తుదాం. వంతులు మనకి కొత్తా?

మూడు ఊళ్ల ఫోన్లు ఒక్క బల్ల మీదికి మళ్లాయి. ఆలస్యమెందుకని అడిగిన ప్రతివాళ్లకీ అక్క సంగతి చెప్పాం. మూడో రోజుకి అడిగినవాళ్లే గేటు దగ్గరికొచ్చి నిలబడ్డారు. అదే రోజు పోలీసుల్ని పిలిచాడు పెద్దన్న.

కుర్చీలో ఉన్న టైపిస్టుని లేపి తీసుకెళ్లారు. లైన్‌మన్ కూర్చున్నాడు. అతన్నీ తీసుకెళ్లారు. నేను కూర్చున్నాను.

పెద్దన్న దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పిల్లలున్నదానివి. లేమ్మా."

"కాగితంలో ఉన్నదే చేస్తున్నానన్నా," అన్నాను.

పోలీసులు చెయ్యి పట్టుకుని నన్ను తలుపుదాకా తెచ్చారు. వెనక ఫోన్ మోగింది. రెండోసారి మోగకుండానే కుర్చీ కిర్రుమంది.

"నీళ్ల విభాగం. చెప్పండి."